ఆ స్క్రూడ్రైవర్ లాక్కోకండి



దసరా సెలవుల తర్వాత జరిగిన పేరెంట్-టీచర్ మీటింగ్‌లో పదకొండో తరగతి విద్యార్థి తండ్రి ఒకాయన నా ముందు కూర్చుని, మార్కుల కాగితం పక్కకు జరిపి, ఫోన్‌లో ఒక ఫొటో చూపించారు. మంచం మీద పాత దుప్పటి, దాని మీద ఎలక్ట్రిక్ గిటారు. ముందువైపు తెల్ల ప్లాస్టిక్ పలక ఊడదీసి ఉంది, లోపలి వైర్లన్నీ బయటికి వచ్చాయి. "సార్, పదహారు వేలు పెట్టి కొన్నాను. జేఈఈ ముందు పెట్టుకుని వీడు చేసే పని చూడండి. మీరు చెబితే వింటాడు, కాస్త చెప్పండి" అన్నారు.

చెబుతానన్నాను. కానీ ఆ గిటారును చూశాక నేను మాట్లాడాల్సింది మీ అందరితో అనిపించింది. అందుకే ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

ముందు ఆ గిటారు లోపల ఏముంటుందో చూద్దాం. తీగల కింద కనిపించే మూడు పొడవాటి పట్టీలు పికప్‌లు. ఒక్కోదాంట్లో చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగి తీగ కొన్ని వేల చుట్లు ఉంటుంది. పైన ఉక్కు తీగ కంపించినప్పుడల్లా ఆ చుట్టలో చిన్న వోల్టేజి పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే ఇది. మన పిల్లలకు పన్నెండో తరగతిలో వస్తుంది. ఈ అబ్బాయి గిటారులో బ్రిడ్జ్ దగ్గరి పికప్ మూగబోయింది. మల్టీమీటరు పెట్టి చూస్తే మిగతా రెండూ ఆరు కిలోఓంల దాకా చూపించాయి, ఇది మాత్రం అసలేమీ చూపించలేదు. లోపల తీగ ఎక్కడో తెగిందన్నమాట. షాపులో అడిగితే కొత్త గిటారు కొనుక్కోమన్నారట. వీడు దాచుకున్న డబ్బుతో కొత్త పికప్ ఒక్కటి తెప్పించుకుని, విప్పి కూర్చున్నాడు. పరీక్ష పేపర్లో ఏ మార్కూ రాని ఈ నిర్ణయం నాకు చాలా నచ్చింది.

శనివారం మధ్యాహ్నం గిటారు తీసుకుని ల్యాబ్‌కు రమ్మన్నాను. నేను పదహారేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. కెపాసిటర్ మీద ఎన్ని లెక్కలు చేయించానో నాకే తెలియదు. అయినా వాల్యూమ్ పాట్ వీపు మీద గ్రౌండ్ వైరుకు టంకం వేయడం నాకు ఆరోజే మొదటిసారి. ల్యాబ్‌లోని 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో మొదలుపెట్టాను. ఆ లోహపు డబ్బా వేడినంతా పీల్చేసుకుంది. టంకం బఠాణీ గింజలా ఉండకట్టి పైపైన కూర్చుంది. చూడ్డానికి అతికినట్టే ఉంది. ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే గుయ్‌మని 50 హెర్ట్జ్ రొద. తీగల మీద చెయ్యి పెడితే ఆ రొద తగ్గాలి, తగ్గలేదు. అబ్బాయి వేలితో ఆ బఠాణీని తడితే ఊడి కింద పడింది. "సార్, మీది కోల్డ్ జాయింట్" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ. మన ఎలక్ట్రీషియన్ దగ్గర 60 వాట్ల ఐరన్ అడిగి తెచ్చి, ముందు పాట్ వీపును గీకి, వేడెక్కాక టంకం పెట్టాం. ఈసారి నీళ్లలా పరుచుకుంది.

రొద పోయింది. కొత్త పికప్ ఒక్కటే వాయిస్తే బ్రహ్మాండంగా ఉంది, మధ్య పికప్ కూడా బాగుంది. స్విచ్ రెండింటి మధ్యకు తిప్పితే మాత్రం శబ్దం పీలగా, ముక్కుతో పలికినట్టు వచ్చింది. నాకు కారణం తట్టింది, నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆగాను. నలభై నిమిషాలు పట్టింది వాడికి. ప్రతి అతుకూ చూశాడు, స్విచ్ చూశాడు, నోట్‌బుక్‌లో రెండు తరంగాలు గీశాడు, కొట్టేశాడు, మళ్లీ గీశాడు. చివరికి, "ఒకటి పైకి వెళ్తున్నప్పుడు ఇంకొకటి కిందికి వెళ్తోందా సార్?" అన్నాడు. రెండు కంపెనీల పికప్‌లు, చుట్టిన దిశ వేరు. కొత్తదాని రెండు వైర్లు అటుదిటు మార్చాడు. శబ్దం నిండుగా వచ్చింది.

ఆ నలభై నిమిషాల కోసమే ఈ వ్యాసం. మా ల్యాబ్‌లో చేయించే ప్రయోగాలన్నింటికీ జవాబు రికార్డు పుస్తకంలో ముందే ఉంటుంది. పిల్లలు ఆ జవాబు దగ్గరికి రీడింగులను తోసుకెళ్తారు. మాకు తెలుసు, చూసీ చూడనట్టు ఊరుకుంటాం. గిటారును అలా ఒప్పించలేం.

టోన్ కెపాసిటర్ సంగతీ చెప్పాలి. వెయ్యి రూపాయలు దాటిన పాతకాలపు నూనె కెపాసిటర్ వేస్తే శబ్దం మారిపోతుందని వాడు ఎక్కడో విన్నాడు, అది కొంటానన్నాడు. కోఠి గుజరాతీ గల్లీలో అదే విలువ ఉన్న మామూలు పాలిస్టర్ కెపాసిటర్ కొన్ని రూపాయలకే వస్తుంది. ముందు లెక్క వేయమన్నాను. 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ 100 హెర్ట్జ్‌కు సుమారు 34 కిలోఓంల అడ్డు చూపిస్తుంది, 5000 హెర్ట్జ్‌కు 680 ఓంలే. అంటే కీచు శబ్దాలకు గ్రౌండ్‌లోకి తలుపు తెరిచి, మంద్ర శబ్దాలను ఆపుతుంది. టోన్ పూర్తిగా తెరిచి ఉంచితే మధ్యలో 250 కిలోఓంల పాట్ అడ్డుంటుంది కాబట్టి ఏ కెపాసిటర్ వేసినా పెద్ద తేడా ఉండదు. తర్వాత 0.022, 0.047 రెండింటినీ క్లిప్పులతో మార్చి మార్చి పెట్టి, టోన్ పూర్తిగా తగ్గించి విన్నాం. విలువ మారితే చెవికి తెలిసింది. ఖరీదైనది కొనే ఆలోచన వాడంతట వాడే మానుకున్నాడు. ఈ ప్రకటనల కాలంలో పదహారేళ్ల పిల్లవాడు లెక్క వేసి, చెవితో విని, వద్దనుకోవడం చిన్న విషయం అనుకోను.

సంగీతం రాకపోయినా ఈ పని చేయొచ్చు. ఇప్పుడు మన పిల్లలు కొంటున్న ఎన్నో గిటార్లకు మూలరూపం 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్. దాన్ని తెచ్చిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియో రిపేరు షాపు నడిపినవాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు.

దీనివల్ల నష్టమే లేదని చెప్పను. ఆ నెల కెమిస్ట్రీ యూనిట్ టెస్టులో వాడి మార్కులు తగ్గాయి. తండ్రి ఫోన్ చేసి ఆ మాటే అన్నారు, నేను కాదనలేదు. వారానికి ఒక్క శనివారం మధ్యాహ్నం అని ముగ్గురం ఒప్పందం చేసుకున్నాం. నాకు అది సరైన బేరమే అనిపిస్తోంది. మీకు అనిపించకపోతే వచ్చి మాట్లాడండి.

ఇంట్లో చేయిస్తానంటే కొన్ని జాగ్రత్తలు. బ్యాటరీ లేని మామూలు గిటారులో ప్రమాదకరమైన కరెంటు ఏమీ ఉండదు, కేబుల్ తీసేసి విప్పుకోవచ్చు. ఆంప్లిఫయర్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పనివ్వకండి. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లు షాక్ కొట్టగలవు. సోల్డరింగ్ చేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టించండి, కిటికీ తెరవండి. టంకంలో సీసం ఉంటుంది కాబట్టి పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తిండి. విప్పకముందు వైరింగ్ ఫొటో తీయమనండి. మీరు పక్కనే కూర్చోండి, కానీ ఐరన్ మీ చేతిలోకి తీసుకోకండి.

ఇంట్లో వద్దనుకుంటే శనివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఫిజిక్స్ ల్యాబ్ తెరిచే ఉంటుంది. 60 వాట్ల ఐరన్ ఇప్పుడు మా దగ్గరే ఒకటుంది. తీగలు వదులు చేసి పంపించండి, స్క్రూలు వేసుకోవడానికి ఒక చిన్న డబ్బా కూడా.