లెనిన్ దంపతుల వేసవి, మన మిత్రుల ధర్మాగ్రహం

కొండల అందం చూడడానికి వెళ్లేవాడు విప్లవానికి పనికిరాడని మొన్న వేసవిలో మా ఊరి సాహిత్య గోష్ఠిలో ఒక మిత్రుడు సెలవిచ్చారు. ఆయన పేరు చెప్పను. ఆ అభిప్రాయం ఆయన ఒక్కరిదే అయివుంటే ఈ వ్యాసం రాయవలసిన అగత్యమూ ఉండేది కాదు.

సందర్భం ఇది. నేనూ నా భార్యా ఆ వేసవిలో నాలుగు రోజులు అరకు వెళ్లివచ్చాం. ఇద్దరమూ ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పుకుని బతికేవాళ్లం. పదకొండేళ్ల కాపురంలో మేమిద్దరం కలిసి ఎక్కడికైనా వెళ్లిన మొదటి వేసవి అది. ఆ సంగతి మాటవరసకు అన్నాను. దానిమీద మా మిత్రుడు అరగంటసేపు ప్రసంగించారు. ప్రకృతి సౌందర్యం తీరికవర్గాల సరుకట. ఆలుమగలు జంటగా కొండలకూ సరస్సులకూ పోవడం భావకవుల నాటి పలాయనవాదానికి మిగిలిన అవశేషమట. కార్మికుడు ఎండలో మాడుతుంటే ఉపాధ్యాయుడు చల్లగాలికి పోవడం వర్గద్రోహమట. ముందు వరసలో కూచున్న విద్యార్థులు చప్పట్లు కొట్టారు. ఈ వ్యాసం ఆ ప్రసంగానికి జవాబు కాదు, ఆ చప్పట్లకు జవాబు.

ఆయన కోపంలో బొత్తిగా న్యాయం లేదని నేననను. మన దేశంలో కొండ విడుదులు ఎవరికోసం పుట్టాయో అందరికీ తెలుసు. ఊటీ సరస్సు దేవుడు చేసినది కాదు. 1820లలో కోయంబత్తూరు కలెక్టరు సలివాన్ కట్టించినది. ఆ తరువాత మద్రాసు ప్రభుత్వం ఏటా ఎండాకాలంలో ఊటీకి తరలిపోవడం ఆచారమైంది. 1876–78 కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల జనం తిండిలేక రాలిపోయారు. ఆ కరువు కాలపు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు. ఊటీలో గవర్నరు భవంతి లేచింది కూడా ఆయన హయాంలోనే. అటువంటి విహారం మీద ఎంత కోపం వచ్చినా తప్పులేదు. కాని ఆ కోపాన్ని మోసుకొచ్చి, ఏడాదికి నాలుగు రోజులు దొరికిన బడిపంతులు నెత్తిన కుమ్మరించడం ఏం న్యాయం? దొర తాగినంత మాత్రాన మంచినీళ్లు దొరల సొత్తు అయిపోవు.

మా మిత్రునికి లెనిన్ మీద అపారమైన గౌరవం. కనక నేను లెనిన్ దగ్గరే మొదలుపెడతాను. క్రూప్‌స్కయా రాసిన స్మృతుల్లో ఆయన చదవకుండా దాటవేసిన పుటలు కొన్ని ఉన్నట్టున్నాయి. వాటినే కాస్త తిరగేద్దాం.

1904వ సంవత్సరం. అంతకు ముందు ఏడాది రష్యన్ సోషల్ డెమోక్రాటిక్ పార్టీ రెండో మహాసభలో బోల్షివిక్కులూ మెన్షివిక్కులూ చీలారు. నిన్నటి మిత్రులు నేడు పలకరించుకోని పరిస్థితి. మే నెలలో లెనిన్ ‘ఒక అడుగు ముందుకు, రెండడుగులు వెనక్కి’ ప్రచురించాడు. దంపతులిద్దరికీ నరాలు పూర్తిగా చిక్కిపోయాయి. పార్టీ భవిష్యత్తు ఏమవుతుందో తెలియని ఆ సమయంలో వాళ్లేం చేశారు? వీపున సంచులు తగిలించుకుని జెనీవా విడిచి కొండల్లోకి నడిచారు. సుమారు నెల్లాళ్లు నడిచారు. జనసంచారం లేని దారులే ఎంచుకున్నారు. రేపు ఎక్కడ ఉంటారో ఈ రోజు తెలియదు. చేతిలో డబ్బు తక్కువ. కోడిగుడ్లూ జున్నూ తిని ఊటనీళ్లు తాగేవారు. యాత్రికుల బల్ల దగ్గర కాక బండివాళ్లూ కూలివాళ్లూ తినే బల్ల దగ్గర తినండి, సగం ఖర్చులో కడుపు నిండుతుందని దారిలో ఒక కార్మికుడు చెబితే అలాగే చేశారు. చివరికి బ్రే అనే చిన్న సరస్సు దగ్గర ఒక పల్లెలో మకాం పెట్టారు.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన చిన్న సంగతి ఒకటుంది. బయలుదేరేటప్పుడు లెనిన్ తన సంచిలో లావుపాటి ఫ్రెంచి నిఘంటువు ఒకటి పెట్టుకున్నాడు. అనువాదం చెయ్యవలసిన పుస్తకమొకటి, అంత లావుదే, క్రూప్‌స్కయా తన సంచిలో పెట్టుకుంది. నెల్లాళ్లూ ఆ బరువులు కొండలెక్కి కొండలు దిగాయి. ఒక్కసారైనా వాటిని తెరవలేదని ఆమే రాసింది. ఈ నిఘంటువు సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. దానితో మళ్లీ పని పడుతుంది.

1913లో క్రూప్‌స్కయా థైరాయిడ్ జబ్బుకు కొండగాలి మంచిదని ఇద్దరూ తాత్రా పర్వతాల దగ్గర పోరోనిన్ ప్రాంతంలో ఇల్లు తీసుకున్నారు. మరుసటి వేసవీ అక్కడే. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. కొండల్లో తిరిగే ఈ రష్యావాడు గూఢచారి అని పోలీసులకు అనుమానం వచ్చింది. వ్యవసాయ సమస్య మీద గణాంకాలు రాసుకున్న పుస్తకాలు పట్టుకుపోయారు. లెనిన్ పదిరోజులకు పైగా నోవీ తార్గ్ జైల్లో ఉన్నాడు. పలాయనవాదం అంటారా? ఈ పలాయనం నేరుగా జైలుకు పోయింది.

1915లో క్రూప్‌స్కయా తల్లి చనిపోయింది. ఆమె జబ్బు తిరగబెట్టింది. స్విట్జర్లాండులో రోథార్న్ కొండ కింద సోరెన్‌బెర్గ్ అనే పల్లెలో ఒక చవక విడుదికి ఇద్దరూ చేరారు. కావలసిన పుస్తకాలు నగర గ్రంథాలయాల నుంచి తపాలాలో వచ్చేవి. లెనిన్ ఉదయం రాసుకునేవాడు. తక్కిన పొద్దంతా కొండల మీద. సెప్టెంబరులో ఆయన అక్కడినుంచే సిమ్మర్‌వాల్డ్ మహాసభకు వెళ్లాడు. యుద్ధాన్ని వ్యతిరేకించిన గుప్పెడుమంది సోషలిస్టుల సభ అది. తిరిగొచ్చిన తరువాత దంపతులు రోథార్న్ ఎక్కారు. శిఖరం చేరగానే లెనిన్ ఇంచుమించు మంచు మీదనే పడుకుని నిద్రపోయాడు. మబ్బులు వచ్చాయి, విడిపోయాయి, ఆల్ప్స్ పర్వతాలన్నీ కళ్లముందు నిలిచాయి. ఆయన గంటకు పైగా లేవలేదు. పక్కన కూచుని ఆ కొండలు చూసింది క్రూప్‌స్కయా.

డబ్బెక్కడిదని మిత్రులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. క్రూప్‌స్కయా తల్లికి బంధువు ఒకామె వదిలిన కొద్దిపాటి సొమ్ములో దళారి తినగా మిగిలినది యుద్ధకాలంలో వాళ్లకు ఆధారం. 1916 వేసవిలో వాళ్లు చూడివీసే అనే మరో కొండ విడుదికి వెళ్లారు. దాన్ని ఎంచుకోవడానికి కారణం అది అన్నిటికంటే చవకైనది కావడమే. కనక అది తీరికవర్గపు విహారం కాదు. కాని పేదరికంలో చేసిన విహారం గనకనే దాన్ని క్షమించాలని కూడా నేననడం లేదు. క్షమించడానికి అక్కడ తప్పేముంది?

ఇక్కడ నా పక్షాన మాట్లాడిన రెండో మిత్రునితో కూడా నాకు పేచీ వచ్చింది. ఆయన గోష్ఠిలో లేచి, “లెనిన్ విశ్రాంతి తీసుకున్నది మరింత పని చెయ్యడానికే గదా! కొడవలికి సాన పట్టవద్దా?” అన్నారు. సభ మళ్లీ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేకపోయాను. ఇది యజమాని వాదన. ఎద్దుకు మేత వేసేది ఎందుకని అడిగితే ఆసామీ చెప్పే జవాబు ఇదే. మనిషి పనిముట్టు అయితే విశ్రాంతి సాన అవుతుంది. మనిషి మనిషే అయితే విశ్రాంతి అతని ఆస్తి. విప్పని నిఘంటువు చెప్పేది ఇదే. సంచిలో పని ఉంది. పని చెయ్యగల కాలమూ ఉంది. అయినా తెరవలేదు. ఆ నెల్లాళ్లూ ఏ పనికీ సన్నాహం కాదు. అవి ఆ ఇద్దరి రోజులు.

ఈ తేడా మాటల్లో తేడా మాత్రమే అనుకునేవారు తరువాతి చరిత్ర చూడాలి. 1918 జూన్ 14న, అంతర్యుద్ధం మొదలవుతున్న రోజుల్లో, లెనిన్ అధ్యక్షుడుగా ఉన్న ప్రజా కమిసార్ల మండలి ఆరునెలలు పనిచేసినవారికి రెండువారాల జీతపు సెలవు ఇస్తూ ఉత్తర్వు చేసింది. 1920 డిసెంబరులో క్రిమియాలోని జారు మేడల్నీ ప్రభువుల భవంతుల్నీ శ్రామికుల ఆరోగ్యశాలలుగా మార్చాలని మరో ఉత్తర్వు. 1925లో లివాదియా రాజప్రాసాదంలోకి రైతులు అడుగుపెట్టారు. 1936 రాజ్యాంగం 119వ అధికరణలో విశ్రాంతి హక్కును రాసుకుంది. ఇవి చిన్న విజయాలు కావు.

కాని ఆ వ్యవస్థలోనూ సాన వాదం చొరబడింది. సోవియట్ విశ్రాంతి గృహాల టికెట్లు చాలా కాలం వరకు కార్మికుడికి ఒక్కడికే ఇచ్చేవారు. భర్తకు ఒక ఊరు, భార్యకు మరొక ఊరు, లేదా ఒకరికి టికెట్, మరొకరికి ఇల్లు. ఎందుకంటే బాగు చెయ్యవలసింది పనిచేసే శరీరాన్ని గదా, కాపురాన్ని కాదు గదా! కొండల్లో జంటగా తిరిగిన ఇద్దరి పేరు చెప్పుకునే రాజ్యం జంటలను విడదీసి సెలవులకు పంపింది. 1991లో ఆ రాజ్యమే పోయింది. ఎందుకు పోయిందన్నది పెద్ద చర్చ. కాని మనిషిని ఉత్పత్తి సాధనంగా లెక్కగట్టిన ప్రతిచోటా మన ఉద్యమం ఓడిందని మాత్రం నా నమ్మకం.

దీనికి భిన్నంగా 1936లో ఫ్రాన్సు చూడండి. పాపులర్ ఫ్రంట్ గెలిచింది. లక్షలాది కార్మికులు ఫ్యాక్టరీలు ఆక్రమించుకుని సమ్మె చేశారు. జూన్‌లో రెండువారాల జీతపు సెలవు చట్టమైంది. రైలు టికెట్ ధర తగ్గింది. ఆ ఆగస్టులో పారిస్ కార్మికులు ఇద్దరు తొక్కే జంటసైకిళ్ల మీద భార్యలతో సముద్రానికీ కొండలకూ బయలుదేరారు. వాళ్లలో సముద్రం మొదటిసారి చూసినవాళ్లెందరో. తమ కడలితీరాల్లో మురికి జనం చేరారని సంపన్నులు ముక్కులు మూసుకున్నారు. మా మిత్రుడు ఆ రోజున అక్కడుంటే ఎవరి పక్కన నిలబడేవారో ఆలోచించుకోవాలి.

ఇక మన సంగతి. శ్రామికులకు తీరిక పూర్తిగా అనుభవించే పరిస్థితులు కల్పించడానికి రాజ్యం ప్రయత్నించాలని మన రాజ్యాంగం 43వ అధికరణ చెబుతున్నది. అది ఆదేశిక సూత్రం. కోర్టుకు పోయి అడగడానికి వీల్లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ఇరవై రోజులకు ఒక రోజు చొప్పున సెలవు రాసింది. మనది ఫ్యాక్టరీ కాదు. ఉపాధ్యాయుడు పారిశ్రామిక వివాదాల చట్టం కిందికి వచ్చే ‘వర్క్‌మన్’ కాడని 1988లో సుప్రీంకోర్టు తేల్చింది. కనక మనం కార్మికులమూ కాము, దొరలమూ కాము. బయటివాళ్లు మాత్రం, “మీకేం మాస్టారూ, రెండు నెలలు వేసవి సెలవులు!” అంటారు.

ఏవీ ఆ సెలవులు? పరీక్షలు కాగానే నేను పనిచేసే కాలేజీలో అడ్మిషన్ల డ్యూటీ మొదలవుతుంది. మే నెల ఎండలో కరపత్రాలు పట్టుకుని పదో తరగతి పిల్లల ఇళ్ల తలుపులు తట్టాలి. ఇంతమందిని చేర్పించకపోతే జీతం ఆగుతుంది. నా భార్య పనిచేసేచోట షార్ట్‌టర్మ్ కోచింగ్ క్లాసులు. నాకు తీరిక దొరికిన వారం ఆమెకు దొరకదు. పదకొండేళ్ల లెక్క అదీ. ఈ సంగతి గోష్ఠిలో చప్పట్లు కొట్టిన విద్యార్థులకు తెలియదు. కాని వాళ్లలో సగంమంది రేపు ఈ ఉద్యోగాల్లోకే వస్తారు. కొండలకు పోవడం తప్పని ఈ రోజు నేర్చుకుంటే, సెలవు అడగడం తప్పని రేపు యాజమాన్యం వేరే నేర్పనక్కరలేదు.

నన్ను నేను కూడా విడిచిపెట్టుకోను. అరకులో రెండోరోజు ఉదయం అద్దె గదిలో లేస్తూనే అలవాటుగా, “కాఫీ పెట్టావా?” అన్నాను. ఇంటినుంచి స్టవ్వూ గిన్నెలూ ఆమే సర్ది తెచ్చింది. ఆమె కిటికీ దగ్గరనుంచి కదలకుండా, “ఏమండీ, సెలవు మీ ఒక్కరికేనా, నాక్కూడానా?” అంది. జవాబు చెప్పలేక పోయి బయట టీ తెచ్చాను. క్రూప్‌స్కయా స్మృతుల్లో ఇంటిపని భారం చాలావరకు మోసిన తల్లి కనిపిస్తుంది. ఆమె పోయాక దంపతుల జీవితం మరింత విద్యార్థుల బతుకులా అయిందని కూతురు రాసింది. చవక విడుదుల్లో ఒక గొప్ప సుఖముంది: అక్కడ వంట ఇంటి ఆడదాని పని కాదు. వంటిల్లు వెంట వచ్చిన విహారం సగంమందికే విహారం. మా మిత్రుని విమర్శలో ఈ మాట వచ్చివుంటే నేను తలవంచి ఒప్పుకునేవాణ్ని. అది రాలేదు.

కోపగించవలసినవి అరకులో ఇంకా ఉన్నాయి. మేమెక్కిన రైలు మార్గం 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాను ఓడలకు చేరవెయ్యడానికి వేసినది. బొర్రా చుట్టుపక్కల గిరిజన భూములు గనుల కంపెనీలకు లీజులిస్తే, అది చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చింది. యాత్రికులకు వండిపెట్టే గిరిజన స్త్రీకి వేసవిలో సెలవుందా అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. కొండను చూసి కొండమీది మనిషిని చూడకపోవడం, అదీ అసలైన భావకవిత్వపు జబ్బు. దానికి మందు కొండ చూడడం మానెయ్యడం కాదు. కళ్లు పూర్తిగా తెరవడం.

కనక మిత్రులకు నా మనవి. ధర్మాగ్రహం వృథా చేసుకోకండి. మన ఉపాధ్యాయ సంఘాల డిమాండ్ల పట్టికలో జీతం ఉంది, పి.ఎఫ్. ఉంది. అడ్మిషన్ల డ్యూటీ లేని వేసవి, జీతంతో కూడిన సెలవు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఇద్దరికీ ఒకేసారి సెలవు, ఇవి కూడా చేర్చండి. విడుదుల్లో వండేవాళ్లకూ ఊడ్చేవాళ్లకూ అదే హక్కు అడగండి. వచ్చే గోష్ఠిలో నేను ఈ తీర్మానం ప్రవేశపెడతాను. చప్పట్లు కొట్టినవారు చేతులెత్తుతారో లేదో అప్పుడు చూద్దాం.