రెండు ఇంజన్ల బోటుల ఒక్కటే ఎందుకు ఎక్కువ తాగుతది?

ఒకటే బోటు. వెనుక రెండు ఔట్‌బోర్డ్ ఇంజన్లు, ఒకటే కంపెనీ, ఒకటే హార్స్‌పవర్. పొద్దుగాల రెండు డబ్బాలల్ల సమానంగ పెట్రోలు పోస్తరు. పొద్దుమూకినంక చూస్తే ఒక డబ్బా ఖాళీ, ఇంకోదాంట్ల ఇంత మిగిలే ఉంటది. జంట ఇంజన్ల బోట్లు యాడున్నా గీ పంచాయితీ ఉంటది. షురువుల వచ్చే అనుమానం కూడ యాడైనా ఒకటే: డ్రైవర్ తేల్ తీసి అమ్ముకుంటుండు. సికింద్రాబాద్‌ల లీటరు పెట్రోలు 107 రూపాయలు దాటినంక ఆ అనుమానం ఇంకింత గట్టిపడ్డది. రోజుకు 4 లీటర్లు తేడా వచ్చిందనుకో, నెలకు 25 రోజులు నడిస్తే పది వేల పైమాటే. ఆ లెక్క జీతంల కోతయ్యి ఆఖరికి ఎవల మీద పడుతదో చెప్పనక్కరలేదు.

ఇంజన్ దొంగతనం చెయ్యది. గని మనిషిని దొంగను చేస్తది. అది ఎట్లనో సమజ్ చేసుకోవాలె.

ముందుగాల కాటమరాన్ ముచ్చట. అది 'కట్టుమరం' అనే తమిళ మాటకెళ్లి పుట్టిన పేరు. దుంగలు కలిపి కట్టిందన్నట్టు. ఆంధ్ర సముద్రం ఒడ్డున దాన్ని తెప్ప అంటరు. ఇప్పుడు కాటమరాన్ అంటే రెండు సన్నటి పడవలను పక్కపక్కన పెట్టి, మీద ఒకటే డెక్కు ఏసినట్టుండే బోటు. తొందరగ ఒరగది, మంది పడుతరు. ఒక్కో పడవ వెనుక ఒక్కో ఇంజన్ ఉంటది. రెండిటి నడుమ దూరం ఎక్కువ. అసలు కథ గీ దూరం కాడనే షురూ అయితది.

నాగలి కట్టినోళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. కాడి కింద రెండు ఎడ్లుంటయి. ఒకటి జానెడు ముందు నడిస్తే బరువంత దాని మెడ మీదికే వస్తది, రెండోది ఉత్తగ పక్కపొంటి నడుస్తది. చూసేటోనికి రెండూ గుంజుతున్నట్టే కొడుతది. ఇంజన్లు కూడ గంతే. నీళ్లల్ల తిరిగే పంకా, అదే ప్రొపెల్లర్, ఎంత జోరుగ తిరిగితే అంత బలం అడుగుతది. ఆ అడుగుడు సమానంగ పెరగది, ఘనం లెక్కన పెరుగుతది. అంటే నిమిషానికి 4,800 చుట్లు తిరిగే ఇంజన్ 5,000 తిరిగితే, వేగం పెరిగింది నూటికి 4 మాత్రమే, బలం మాత్రం నూటికి 13 దాకా ఎక్కువ కావాలె. పైనుంచి రెండు పంకాలు ఒకే బోటుకు ఉన్నయి గనుక, జోరుగ తిరిగేది పక్కదాని బరువు కూడ నెత్తికెత్తుకుంటది. హ్యాండిల్ కాడ రెండు లీవర్లు ఒక్క లైనుల ఉన్నా, లోపల కేబులు ఒకటి ఇంత సాగి ఉంటే చాలు, ఎడ్ల తీరు ముందు వెనుక అయితయి.

అంతటితోని ఆగది. ఒక దిక్కు ఎక్కువ గుంజితే బోటు రెండో దిక్కు మళ్లుతది. ఇంజన్లు దూరంగ ఉండే కాటమరాన్‌ల ఆ మళ్లుడు ఇంకా ఎక్కువ. డ్రైవర్ స్టీరింగ్ ఎదురు తిప్పి పట్టుకుంటడు. బోటు కొంచెం అడ్డంగ పోతది, నీళ్లు ఆపుతయి, రెండు ఇంజన్లూ ఎక్కువ తాగుతయి.

ఇగ హుస్సేన్‌సాగర్ లాంటి చెరువుల ఇంకో రెండు ముచ్చట్లు కలుస్తయి. ఒకటి మనమే. బుద్ధుని విగ్రహం దగ్గరికి రాంగనే అందరు ఫోన్లు పట్టుకోని ఒక్క దిక్కుకు ఉరుకుతరు. ఆ దిక్కు పడవ కిందికి దిగుతది, రెండోది లేస్తది. లేసిన దిక్కు పంకా నీళ్ల మీదికి వచ్చి గాలి మింగుతది. ఇంజన్ మొత్తుకుంటది, పెట్రోలు పోతది, బోటు మాత్రం జరగది. రెండోది చెత్త. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు, నిమజ్జనమైనంక తేలే గుడ్డ పేలికలు ఒక పంకాకు చుట్టుకుంటయి, ఇంకోదానికి చుట్టుకోవు. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల బొక్కల అడ్డం పడితే తాగుడు సంగతి అటుంచు, ఇంజనే వేడెక్కి ఆగుతది.

కొనుడు కాడ కూడ ఒక తప్పు జరుగుతది. జంటల ఒకటి ఖరాబైతే ఆ ఒక్కదాన్నే మార్చి కొత్తది పెడుతరు. పాతది టూ స్ట్రోక్, కొత్తది ఫోర్ స్ట్రోక్ అయిందనుకో, ఒక్కతీరుగ పని చేసినా ఒక్కతీరుగ తాగవు. టూ స్ట్రోక్‌ల కొంత పెట్రోలు కాలకుంటనే పొగల పోతది. ఇట్లాంటి జోడీ కట్టిచ్చి డ్రైవర్‌ను లెక్క అడుగుడు న్యాయం కాదు.

కొన్నిసార్లు తేడా అనేదే ఉండది. రెండు ట్యాంకుల నడుమ పైపు తెరిచి ఉంటే, పెట్రోలు వంగిన దిక్కుకు జారుతది. ట్యాంకుల పుల్ల పెట్టి కొలిచి 'గీ ఇంజన్ తాగింది' అంటే ఉత్తమాట.

నిజం తేల్చాలంటే ల్యాబు అవుసరం లేదు. నడిమి పైపు బంద్ చేసి, రెండు ఇంజన్లకు వేరువేరుగ కొలిచిన 5 లీటర్ల డబ్బాలు పెట్టాలె. పోయినంత దూరం తిరిగి రావాలె, గాలి లెక్క సమానమైతది. తర్వాత పంకాలు అటుదిటు మార్చాలె (రెండూ ఒకే దిక్కు తిరిగేటివి అయితేనే). తేడా పంకాతోని పోతే పంకాదే రోగం, ఇంజన్ తోనే ఉంటే ఇంజన్‌ది. ఇంజన్లను కూడ మార్చినంక తేడా అదే దిక్కుకు మిగిలితే బోటునో బరువునో చూడాలె. బండికి ప్లగ్గు మార్చి చూసే మెకానిక్ చేసే పనే ఇది.

గింత చిన్న పని ఎందుకు జరగదంటే, లెక్క రాసుకునే తీరు అట్లుంటది. లాగ్‌బుక్కుల 'బోటుకు ఇన్ని లీటర్లు' అని ఒకటే అంకె రాస్తే, రోగమున్న ఇంజన్ మంచి ఇంజన్ చాటుకు దాక్కుంటది. సగటు బాగనే కనవడుతది. సవారీ బోటైతే పోయేది పైసలే. వరదల తిరిగే బోటైతే?

2024 సెప్టెంబర్ 1న ఖమ్మంల మున్నేరు పొంగి, ప్రకాశ్‌నగర్ బ్రిడ్జి మీద 9 మంది పొద్దంత ఇరుక్కున్నరు. ఆఖరికి వాళ్లను తెచ్చింది ఒక జేసీబీ. అదే ఏడు డిసెంబర్‌ల రాష్ట్రంల ఎస్‌డీఆర్‌ఎఫ్ షురూ అయ్యింది, బోట్లు వచ్చినయి. మంచి పని. గని రెస్క్యూ బోటు 'గంట నడుస్తది' అన్న లెక్క సగటు మీద ఏసిందైతే, ఎక్కువ తాగే ఇంజన్ గంటకంటే ముందుగాలనే ఆగుతది. అప్పుడు బోటు వరద నడుమ ఒక్క దిక్కు బలంతోని ఉంటది, ఎదురు ప్రవాహంల, మంది ఎక్కి ఉన్నప్పుడు.

2021ల కేంద్రం తెచ్చిన ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ఇంజన్ బోట్లకు రిజిస్ట్రేషన్, సర్వే పెట్టింది. సర్వేల లైఫ్ జాకెట్లు లెక్కవెడుతరు, మంచిదే. ఇంజన్ ఇంజన్‌కు నడిచిన గంటలు, పోసిన లీటర్లు వేరువేరుగ రాసిన్రా అని కూడ అడగాలె. సర్కారు బోట్ల మీదైతే గీ ముచ్చట ఎవలన్నా సమాచార హక్కు కింద అడగొచ్చు, 10 రూపాయల ఫీజు. కొత్త లాగ్‌బుక్కు అచ్చు కొట్టేటప్పుడు ఎడమ ఇంజన్‌కు ఒక గడి, కుడి ఇంజన్‌కు ఒక గడి పెడితే అయ్యే ఖర్చు అంతకన్నా తక్కువ.