తీగల వంతెన సరే, నీళ్ల సంగతేమిటి?

నదిమీద కొత్త వంతెన కడతామంటే వద్దనేవాళ్లు ఎవరుంటారు? వంతెన విలువ కడప జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలినప్పుడు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల నుంచి ఆ దారిన కడపకు పోయేవాళ్లంతా చుట్టుదారులు పట్టాల్సి వచ్చింది.

కృష్ణానది మీద సిద్ధేశ్వరం దగ్గర వంతెన కోరిక వెనుక ఇంతకంటే పెద్ద విషాదం ఉంది. ఇటు కర్నూలు సీమ, అటు కొల్లాపురం పక్కనున్న సోమశిల. మధ్యలో శ్రీశైలం వెనుక జలాలు. దాటాలంటే పడవే దిక్కు. 2007 జనవరిలో ఆ నీళ్లలో పడవ మునిగి 61 మంది చనిపోయారు. ఆ చావుల తర్వాతే వంతెన డిమాండు ఊపందుకుంది.

2022 అక్టోబరులో కేంద్రం 1,082 కోట్ల రూపాయలతో అక్కడ తీగల వంతెనకు ఆమోదం తెలిపింది. హైదరాబాదు, తిరుపతి మధ్య 80 కిలోమీటర్లు తగ్గుతుందన్నారు. అద్దాల నడకదారి పెడతామన్నారు. పర్యాటకులు వస్తారన్నారు. రానీయండి, సంతోషమే. కానీ సీమ రైతు అడిగింది అద్దాల దారి కాదు. వంతెనతో పాటు అలుగు అడిగాడు. 2016 మే 31న వేలాది రైతులు సిద్ధేశ్వరం తరలిపోయి అలుగుకు తామే శంకుస్థాపన చేసుకున్నది అందుకే.

పులివెందులకూ సిద్ధేశ్వరానికీ ఏం సంబంధమని అడిగేవాళ్లున్నారు. నీటి దారి చూడండి. శ్రీశైలం నీరు పోతిరెడ్డిపాడు గుండా బనకచర్లకు చేరుతుంది. అక్కడినుంచి గోరుకల్లు, అవుకు మీదుగా జమ్మలమడుగు పక్కనున్న గండికోటకు వస్తుంది. గండికోటనుంచి ఎత్తిపోస్తే చిత్రావతి జలాశయానికి, అటునుంచి పులివెందుల చేలకు. ప్రొద్దుటూరు కె.సి. కాలువ రైతుకు తుంగభద్ర చాలనప్పుడు ఆదుకునేదీ బనకచర్ల నీళ్లే. మూడు ఊళ్ల ప్రాణమూ పోతిరెడ్డిపాడు తూముల్లోనే ఉంది.

ఆ తూములకు నీరు సక్రమంగా ఎక్కాలంటే శ్రీశైలంలో 854 అడుగుల మట్టం ఉండాలి. 1996లో 69వ నెంబరు జీవోతో దాన్ని 834 అడుగులకు దించారు. 2004లో 107వ జీవోతో మళ్లీ 854 చేశారు. కాగితం మారింది గానీ, కరెంటు కోసం అడుగుదాకా తోడేయడం ఆగలేదు. సిద్ధేశ్వరం దగ్గర అలుగు ఉంటే దిగువన ఎంత తోడినా ఎగువన పోతిరెడ్డిపాడు వైపు నీరు నిలబడుతుంది. కొత్తగా ఊళ్లు మునిగే బాధ కూడా లేదు. ఆ చోటంతా ఎప్పుడో శ్రీశైలంలో మునిగిందే. 308 టి.ఎం.సి.ల జలాశయం పూడికతో 215కు కుంచించుకుపోయిన తర్వాత నీరు నిలుపుకునే చోటు మనకు మరీ అవసరం.

తెలంగాణ ఒప్పుకోదంటారు. ఒప్పించడం పాలకుల పని. రెండు రాష్ట్రాలను కలిపే వంతెనకు ఒప్పందం కుదిరినప్పుడు, దాని కింద అలుగు గురించి కూర్చుని మాట్లాడటానికి అడ్డేమిటి? 1937 శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్లలో సీమకు మొదటి ప్రాధాన్యం అని రాసుకున్నారు. ఆ మాట నిలబెట్టుకునే అవకాశం ఇది.

విద్యార్థులు, ఉద్యోగులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పునాదులు పడ్డాక నమూనా మార్చమంటే ఎవరూ వినరు. ఇప్పుడే ప్రతి కాలేజీలో, ప్రతి సంఘం సమావేశంలో వంతెనతో పాటు అలుగు కావాలని తీర్మానాలు చేయండి. రేపు రిబ్బను కత్తిరించే రోజున ఆ వంతెన మీదుగా మన పిల్లలు హైదరాబాదుకు వలస పోవడమేనా? వంతెన కింద నిలిచిన నీళ్లు మన చేలకు పారాలి.