‘మళ్లీ కడుతున్నాం’ అనే సీజన్‌కు లెక్క చెప్పాలి: రాయ్‌పూర్ తెలుగు ఫుట్‌బాల్ అభిమానుల వినతిపత్రం

రాయ్‌పూర్, ఛత్తీస్‌గఢ్
మార్చి 2026

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి,
అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య,
న్యూఢిల్లీ.

ప్రతులు: తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాల ఫుట్‌బాల్ సంఘాలకు, తెలంగాణ రాష్ట్ర క్రీడా శాఖకు.

విషయం: హైదరాబాద్ ఎఫ్‌సీ తరలిపోయిన తీరు, ‘పునర్నిర్మాణ సీజన్’ పేరిట అభిమానులను ఓపిక పట్టమనే క్లబ్బులకు ఉండాల్సిన నియమాలు, హైదరాబాద్‌కు తిరిగి అగ్రశ్రేణి క్లబ్బు రావాల్సిన అవసరం గురించి.

అయ్యా,

మేము రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లం. మాలో చాలామంది తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఆ రైల్వే లైను పట్టుకుని పనికి వచ్చారు. రైల్వే వ్యాగన్ రిపేర్ షాప్ (డబ్ల్యూఆర్ఎస్) కాలనీలో, చుట్టుపక్కల బస్తీల్లో మా కుటుంబాలు పెరిగాయి. బయట హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడతాం, ఇంట్లో తెలుగు మాట్లాడతాం, సాయంత్రమైతే ఎక్కడ మైదానం దొరికితే అక్కడ బంతి ఆడతాం. ఛత్తీస్‌గఢ్‌కు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఏనాడూ జట్టు లేదు. అందుకే 2019లో హైదరాబాద్ పేరుతో ఒక జట్టు పుట్టగానే, ఇక మనకూ ఒక టీమ్ ఉందని సంబరపడ్డాం. ఆ జట్టు ఇప్పుడు లేదు. అది పోయిన తీరు మరే ఊరి అభిమానికీ ఎదురు కాకూడదన్నదే ఈ వినతిపత్రం ఉద్దేశం.

మేము చూసింది

జట్టు కొత్తగా కడుతున్నామంటే మేము నమ్మనివాళ్లం కాదు. నిజమైన పునర్నిర్మాణం ఎలా ఉంటుందో మేము చూశాం. 2019-20లో హైదరాబాద్ ఎఫ్‌సీ 18 ఆటల్లో 2 మాత్రమే గెలిచి, 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చారు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి కుర్రాళ్లను నమ్మి ఆడించారు. ఆ ఏడాది జట్టు ఐదో స్థానానికి ఎగబాకింది. ఆ పై ఏడాది, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్ఎల్ ఫైనల్ ఆడింది. ఒక గోల్ వెనకబడి, ఇక చేజారిందనుకున్న వేళ 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు మనదైంది. అడుగు నుంచి శిఖరానికి రెండే సీజన్లు పట్టాయి. ఓపిక పట్టమన్నారు, పట్టాం, ఫలితం కళ్లారా చూశాం.

అదే క్లబ్బు 2023-24లో మళ్లీ కట్టుకుంటున్నామంది. ఈసారి ఆటగాళ్లకు జీతాలు అందలేదు. ఫిఫా నిషేధం వల్ల కొత్తవాళ్లను తీసుకునే దారి మూసుకుపోయింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, జొవావో విక్టర్ మాత్రం మిగిలాడు. కోచ్ థంగ్‌బోయ్ సింగ్టో తన దగ్గర ఉన్న కుర్రాళ్లతోనే సీజన్ నెట్టుకొచ్చారు. 22 ఆటల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. ఆ పిల్లల్ని మేము ఒక్క మాటా అనం. జీతం వస్తుందో రాదో తెలియని నెలల్లో కూడా పరుగు ఆపకుండా ఆడినవాళ్లకు చేతులెత్తి దండం పెడతాం. వాళ్లను ఆ స్థితికి తెచ్చిన వ్యవస్థ మీదే మా ఫిర్యాదు.

2024లో సీజన్ ముంగిట క్లబ్బును బీసీ జిందాల్ గ్రూపు తీసుకుంది. కొత్త యాజమాన్యం వచ్చింది, మళ్లీ పునర్నిర్మాణమన్నారు. అక్టోబర్‌లో కోల్‌కతాలో మొహమ్మదన్ స్పోర్టింగ్ జట్టు మీద 4-0తో గెలిచిన రాత్రి మాకు పాత రోజులు వచ్చాయనిపించింది. కానీ డిసెంబర్‌లో కోచ్ మారారు. సీజన్ ముగిసేసరికి 24 ఆటల్లో 18 పాయింట్లు, 13 జట్లలో 12వ స్థానం. 2025 మార్చి 12న గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌తో ఆఖరి ఆట 1-1తో ముగిసింది. ఆ ఆటలో కుర్రాడు సౌరవ్ గాల్లోకి లేచి, వెనక్కి వాలి, తల మీదుగా కొట్టిన గోల్ చూసి వచ్చే ఏడాది ఈ అబ్బాయి చుట్టూ జట్టు కట్టొచ్చని మాలో ఒకరికొకరం చెప్పుకున్నాం. ఆ వచ్చే ఏడాది హైదరాబాద్‌కు రాలేదు. 2025 అక్టోబర్‌లో క్లబ్బు ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది.

మా అనుమానాలు

ఈ నొప్పి మా ఒక్కరిదే కాదని మాకు తెలుసు. 2019లో పుణె సిటీ క్లబ్బు మూతపడితేనే ఆ ఖాళీలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఆరేళ్లకు హైదరాబాద్ జట్టు ఢిల్లీకి వెళ్లింది. ఒక ఊరి అభిమానం పోగొడితే తప్ప ఇంకో ఊరికి జట్టు రాదా? పుణె అభిమాని, ఢిల్లీ డైనమోస్ అభిమాని, హైదరాబాద్ అభిమాని ముగ్గురూ అడిగే ప్రశ్న ఒక్కటే: మమ్మల్ని ఎవరు అడిగారు?

ఇల్లు కట్టేవాడు ముందు ప్లాను చూపిస్తాడు, ఖర్చు అంచనా చెబుతాడు, ఎప్పటికి పూర్తవుతుందో గడువు పెడతాడు. ఫుట్‌బాల్‌లో మాత్రం ‘కడుతున్నాం’ అనే ఒక్క మాట చాలునన్నట్టు నడుస్తోంది. కడుతున్నది జట్టునా, క్లబ్బు బాకీల లెక్కనా, లేక అమ్మకానికి తయారుచేస్తున్న సరుకునా అన్నది అభిమానికి తెలియదు. కుర్రాళ్లను ఆడిస్తున్నారంటే అది వాళ్ల మీద నమ్మకమా, డబ్బు లేకపోవడమా? కోచ్‌ను మారుస్తున్నారంటే ఆలోచన మారిందా, సహనం అయిపోయిందా? వచ్చే ఏడాది జట్టు ఇదే ఊళ్లో ఉంటుందా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేకుండా ఓపిక పట్టమనడం అన్యాయం.

ఈ ఏడాది ఐఎస్ఎల్ ఆలస్యంగా, ఫిబ్రవరి 14న, 14 జట్లతో, కుదించిన ఆటలతో మొదలైంది. లీగ్ మొత్తమే మరమ్మతులో ఉన్న సమయం ఇది. మరమ్మతు జరిగేటప్పుడే నియమాలు సరిగ్గా రాసుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

మా డిమాండ్లు

1. పునర్నిర్మాణానికి రాతపూర్వక ప్రణాళిక. ఒక సీజన్‌లో జట్టులో సగానికి పైగా మారినా, యాజమాన్యం మారినా, ఆ క్లబ్బు సీజన్ మొదలయ్యే ముందు బహిరంగ పత్రం విడుదల చేయాలి. ఆటగాళ్ల కోసం ఎంత ఖర్చు, కోచ్‌కు ఎన్నాళ్ల ఒప్పందం, 21 ఏళ్లలోపు వాళ్లకు ఎన్ని నిమిషాలు ఆట, ఏ సీజన్‌కు ఏ స్థానం లక్ష్యం అన్నవి అందులో ఉండాలి. సీజన్ మధ్యలో ఒకసారి, చివర ఒకసారి, ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. గెలుపు హామీ ఇమ్మని మేము అడగడం లేదు. చెప్పిన పని చేస్తున్నారో లేదో చూసుకునే వీలు అడుగుతున్నాం.

2. జీతాలకు బ్యాంకు గ్యారంటీ. క్లబ్ లైసెన్సు ఇచ్చే ముందే, సీజన్ మొత్తం జీతాలకు సరిపడా బ్యాంకు గ్యారంటీ సమాఖ్య దగ్గర ఉండాలి. ప్రతి నెలా జీతాలు అందాయని ఆటగాళ్లే సంతకం చేసి ధ్రువీకరించాలి. ఒక నెల తప్పితే ఆ గ్యారంటీ నుంచి నేరుగా చెల్లించాలి. బాకీలు పేరుకుపోయి ఫిఫా నిషేధం పడేదాకా చూస్తూ కూర్చునే రోజు ఇక రాకూడదు. నిషేధం పడితే శిక్ష అనుభవించేది యజమాని కాదు, మైదానంలో మిగిలిన కుర్రాళ్లు, గ్యాలరీలో మిగిలిన జనం.

3. తరలింపుకు నోటీసు, విచారణ. క్లబ్బు ఊరు మారాలంటే కనీసం ఒక పూర్తి సీజన్ ముందు బహిరంగ నోటీసు ఇవ్వాలి. ఆ ఊళ్లోనే బహిరంగ విచారణ జరపాలి. రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం, అభిమానులు, రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పాలి. స్థానికంగా కొనేవారు దొరుకుతారేమో వెతికి చూశాకే అనుమతి ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో 2025లో వచ్చిన ఫుట్‌బాల్ చట్టం ప్రకారం స్వతంత్ర నియంత్రణ సంస్థ అనుమతి లేకుండా క్లబ్బు తన మైదానం వదిలి వెళ్లకూడదు. మనకూ అటువంటి కట్టడి కావాలి.

4. పేరు, రంగులు, చరిత్ర ఊరికే చెందాలి. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్బు 2003లో మిల్టన్ కీన్స్‌కు వెళ్లిపోయింది. అభిమానులు అంతకు ముందు ఏడాదే సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకున్నారు. చివరకు 2007లో పాత క్లబ్బు కప్పులను, చరిత్రను మర్టన్ స్థానిక కౌన్సిల్‌కు అప్పగించారు. అదే న్యాయం హైదరాబాద్‌కూ కావాలి. ‘హైదరాబాద్ ఎఫ్‌సీ’ పేరు, పసుపు నలుపు రంగులు, 2021-22 విజేత అన్న ఘనత రేపు ఆ నగరానికి వచ్చే క్లబ్బు కోసం భద్రపరచాలి.

5. కుర్రాళ్ల బాధ్యత. క్లబ్బు తరలినా, మూతపడినా, దాని యువ జట్లలో ఉన్న పిల్లలను రోడ్డున పడేయకూడదు. శిక్షణ, వసతి, చదువు ఆగకుండా కనీసం రెండేళ్లపాటు పాత క్లబ్బు ఖర్చు భరించాలి. ఇందుకు లైసెన్సు సమయంలోనే ప్రత్యేక నిధి కట్టించుకోవాలి.

6. హైదరాబాద్‌కు అగ్రశ్రేణి క్లబ్బు. ఆ నగరం ఫుట్‌బాల్‌కు కొత్తది కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ నగరపు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ నేతృత్వంలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్, హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఆ జట్ల వెన్నెముక. ఇప్పుడు అక్కడ శ్రీనిధి డెక్కన్ ఉంది. రెండో శ్రేణి లీగ్ అయిన ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండు సీజన్లలోనూ ఆ క్లబ్బు రెండో స్థానంలో నిలిచింది. మైదానంలో గెలిచి పైకి వచ్చే దారిని పక్కాగా తెరిచి ఉంచండి. లేదంటే హైదరాబాద్ పేరిట బహిరంగ టెండరు పిలవండి. ఏదో ఒక దారి చూపండి.

7. అభిమానుల ప్రతినిధి. 2025 సెప్టెంబర్ 19న సుప్రీంకోర్టు ఆమోదించిన సమాఖ్య నియమావళి ముసాయిదాను తయారుచేసినవారు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు గారు. కొత్త నియమావళి వచ్చిన ఈ తరుణంలో, లీగ్ నడిపే కమిటీలో అభిమానుల తరఫున ఓటు హక్కున్న ఒక ప్రతినిధికి చోటు ఇవ్వాలి. ప్రతి క్లబ్బూ ఏడాదికి రెండుసార్లు అభిమానులతో సమావేశమై, అడిగిన ప్రశ్నలను, ఇచ్చిన జవాబులను ప్రచురించాలి.

8. ఛత్తీస్‌గఢ్‌కు పెద్ద ఆటలు. బస్తర్ అడవుల అంచున ఉన్న నారాయణ్‌పూర్‌లో రామకృష్ణ మిషన్ మైదానంలో 2024లో స్వామి వివేకానంద అండర్-20 జాతీయ పోటీలు జరిగాయి. అక్కడ జరిపిన సమాఖ్యకు మా కృతజ్ఞతలు. బాలోద్ జిల్లా అమ్మాయి కిరణ్ పిస్దా, నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టు జెర్సీ తొడుక్కున్నారు. కిరణ్ లాంటి పిల్లలు ఇక్కడ ఇంకా చాలామంది ఉన్నారు. సంతోష్ ట్రోఫీ ఫైనల్ రౌండ్‌ను గానీ, ఐఎస్ఎల్ క్లబ్బుల సన్నాహక ఆటలను గానీ రాయ్‌పూర్‌కు కేటాయించండి. పెద్ద ఆటను టీవీలో కాక గట్టు మీద నిలబడి చూసే అవకాశం ఇక్కడి పిల్లలకు ఇవ్వండి.

మా మనవి

ఓడిపోయే జట్టును ప్రేమించడం మాకు కొత్త కాదు. పది ఆటలు ఓడినా పదకొండో ఆటకు జెర్సీ తొడుక్కుని కూర్చునేవాళ్లం మేము. ఆ ప్రేమను ఆధారం చేసుకునే క్లబ్బులు టిక్కెట్లు అమ్ముతాయి, స్పాన్సర్లను తెచ్చుకుంటాయి. అటువంటప్పుడు ఆ ప్రేమకు బదులుగా క్లబ్బుకు ఒక బాధ్యత కూడా ఉండాలి.

ఇప్పుడు ఢిల్లీలో ఆ జట్టును చూస్తున్న అభిమానుల మీద మాకు కోపం లేదు. వాళ్లకు కూడా ‘మళ్లీ కడుతున్నాం’ అన్న మాటే వినిపిస్తుంది. వాళ్లు మాలా మోసపోకూడదు.

ఈ ఎనిమిది అంశాల్లో వేటిని అంగీకరిస్తున్నారు, వేటిని కాదంటున్నారు, కాదంటే కారణమేమిటి అన్నది 60 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం. సమావేశానికి పిలిస్తే మా ప్రతినిధులు ఢిల్లీకైనా, హైదరాబాద్‌కైనా సొంత ఖర్చుతో వస్తారు. మొదటి రెండు డిమాండ్లను మాత్రం వచ్చే సీజన్ లైసెన్సుల పరిశీలన నాటికే అమలు చేయాలి. వాటికి కొత్త చట్టం అక్కర్లేదు, మీ సంతకం చాలు.

ఇట్లు,
భవదీయులు,
రాయ్‌పూర్‌లోని తెలుగు ఫుట్‌బాల్ అభిమానులు