లదాఖ్ వెళ్ళే బండికి ఎయిర్ ఫిల్టర్ పీకకండి మహాప్రభో!

వేసవి వచ్చిందంటే చాలు, మన ఆఫీసుల్లో కాఫీ కబుర్లన్నీ లదాఖ్ బైక్ ట్రిప్పు గురించే. ఎవరెవరు వెళ్తున్నారు, మేనేజరు సెలవిచ్చాడా, ఏ బండి... అక్కడిదాకా బానే ఉంటుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు ఈ సలహా పడేస్తారు: "పైన గాలి తక్కువ కదా బాస్, ఎయిర్ ఫిల్టర్ పీకేయ్, బండి దూసుకుపోద్ది." నా గోలంతా ఈ సలహా మీదే.

ముందు లెక్క చూద్దాం. ఖర్దుంగ్ లా ఎత్తు సుమారు 17,582 అడుగులు (బోర్డు మీద చాలా ఏళ్ళు 18,380 అని ఉండేది లెండి, అది వేరే కథ). అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో దాదాపు సగం. టర్బో లేని ఇంజనుకి ప్రతి వెయ్యి అడుగులకీ 3 శాతం పవర్ పోతుందని ఓ మోటు లెక్క ఉంది. అంటే పాత బుల్లెట్ 350కి ఉన్న ఇరవై గుర్రాల్లో పైకెళ్ళేసరికి మిగిలేవి ఓ పది. వీటిని ఏ మెకానిక్కూ వెనక్కి తేలేడు.

మెకానిక్ బాగుచేయగలిగేది వేరే ఉంది. కార్బురేటర్‌లో గాలి పల్చబడినంతగా పెట్రోలు తగ్గదు. దాంతో పెట్రోలు పాళ్ళు ఎక్కువై నల్లపొగ, మసిపట్టిన ప్లగ్గు, ఐడిల్‌లో బండి ఆగిపోవడం. దీనికి మందు ఒకటి రెండు సైజులు చిన్న మెయిన్ జెట్, ఐడిల్ కాస్త సర్దుకోవడం. ఫిల్టర్ మూసుకుపోయి ఉంటే శుభ్రం చేయండి, లేదా కొత్తది వేయండి. పీకేస్తే చిటికెడు గాలి ఎక్కువ వెళ్ళే మాట నిజమే, కానీ దాంతోపాటు ఆ రోడ్ల మీది ధూళంతా సిలిండర్‌లోకి పోయి గరుకు కాగితంలా గీకుతుంది. అప్లికేషన్ స్లోగా ఉందని ఇన్‌పుట్ వాలిడేషన్ తీసేసే వాణ్ణి మనం ఏమంటాం?

ఇంకో సంగతి. చిన్న జెట్ వేయించుకున్నవాళ్ళు పాతది జేబులోనే ఉంచుకోండి. కిందికి దిగాక మార్చకపోతే పెట్రోలు చాలక ఇంజను వేడెక్కి పిస్టన్‌కే ఎసరొస్తుంది. రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా రిలీజ్ చేయం కదా!

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బళ్ళన్నీ దాదాపు ఫ్యూయెల్ ఇంజెక్షన్‌వే. సెన్సార్ చూసుకుని పెట్రోలు అదే తగ్గించుకుంటుంది, జెట్ గొడవ లేదు. కానీ లేని గాలిని అదీ పుట్టించలేదు. కాబట్టి ఏ బండికైనా పనికొచ్చే ట్యూనింగ్ ఇదీ: సామాను తగ్గించండి, వీలైతే ముందు స్ప్రాకెట్ ఒక పన్ను చిన్నది వేయించండి, ఫస్ట్ గేర్లో ఓపిగ్గా ఎక్కండి. సగం క్లచ్ మీద లాగితే ప్లేట్లు కాలిపోతాయి.

ఇంత చెప్పాక నా అసలు బాధ. బండికి రెండు నెలల ముందునుంచీ హంగు చేస్తాం. మరి నడిపేవాడి సంగతో? పైన మన ఊపిరితిత్తులకి అందేదీ ఆ సగం గాలే. ఉన్నవి తొమ్మిది రోజుల సెలవులు కదా అని విమానంలో లేహ్‌లో దిగి, మర్నాడే ఖర్దుంగ్ లా ఎక్కేవాళ్ళున్నారు. లేహ్ ఎత్తే 11,500 అడుగులు. అక్కడ కనీసం రెండు రోజులు ఊరికే పడుకోవాలి. తలనొప్పి, వాంతులు మొదలైతే పైకి వెళ్ళకూడదు, తగ్గకపోతే దిగిపోవాలి. ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరితే ప్రాణాలే పోతాయి, దానికి స్పేర్ పార్టులుండవు.

ఫొటోలో ఆ బోర్డు పడకపోయినా కొంపేం మునగదు. పాస్ అక్కడే ఉంటుంది, వచ్చే ఏడాదికీ సెలవులుంటాయి. ప్లాన్‌లో ఒక పాస్ తగ్గించి ఒక విశ్రాంతి రోజు పెంచుకోండి. ఇంతకు మించిన హై ఆల్టిట్యూడ్ ట్యూనింగ్ నాకు తెలిసి ఇంకోటి లేదు.