ముందు ఆ కాగితం చదవండి

హెచ్‌1బీ రాలేదనగానే మనవాళ్లు ఇంకో కన్సల్టెన్సీకి ఫోన్ కొడతారు, లేదా చిలుకూరు బాలాజీ గుడికి బయల్దేరతారు. చిలుకూరుతో నాకు పేచీ లేదు, అక్కడ ఎవరూ అడ్వాన్స్ అడగరు. కానీ కాదన్నది ఎవరో, ఎందుకో ముందు చూసుకోవద్దా? లాటరీలో పేరు రాకపోవడం అసలు తిరస్కరణే కాదు. నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో 221(జి) చీటీ ఇచ్చి కాగితాలు అడిగితే, ఏడాదిలోపు ఇచ్చుకోవచ్చు. పాత దరఖాస్తు మీదే చూస్తారు. అయితే రికార్డులో అదీ తిరస్కరణే, తర్వాతి వీసా దరఖాస్తు డీఎస్‌-160లో దాచకూడదు. యూఎస్‌సీఐఎస్ (అమెరికా వలస సేవల సంస్థ) కంపెనీ వేసిన పిటిషన్‌నే కొట్టేస్తే మాత్రం చిక్కు. అప్పీలు హక్కు సాధారణంగా కంపెనీది, గడువు 30 రోజులు. నష్టపోయేది ఉద్యోగి, నోరు విప్పగలిగేది యజమాని! నాకు మింగుడుపడని అన్యాయం ఇదే. అందుకే నోటీసు కాపీ అడిగి తీసుకోండి. కొందరు యజమానులు అదీ చూపించరు. ఇక వేరే దారులు చూద్దాం. ఏటా 65 వేల హెచ్‌1బీలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి మరో 20 వేలు అన్న పరిమితి యూనివర్సిటీలకు, వాటి అనుబంధ లాభాపేక్షలేని పరిశోధన సంస్థలకు వర్తించదు. అక్కడ ఉద్యోగం దొరికితే లాటరీతో పనే లేదు. జీతం తక్కువని మనవాళ్లు అటు చూడరు. బహుళజాతి కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో గత మూడేళ్లలో ఏడాదిపాటు ఆగకుండా మేనేజర్‌గానో, కంపెనీ ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న ఉద్యోగిగానో చేసినవారికి ఎల్‌1 వీసా దారీ ఉంది. వీటి ఊసెత్తకుండా ‘ఎక్స్‌పీరియన్స్ పెంచి మళ్లీ వేద్దాం’ అనే ఏజెంటుకు దండం పెట్టి లేచి వచ్చేయండి. అబద్ధం బయటపడితే అమెరికా ప్రవేశానికే శాశ్వత నిషేధం పడొచ్చు. అది పడేది ఏజెంటు మీద కాదు, మీ పాస్‌పోర్టు మీద.