మంచు లేకపోతే ఏమాయె, బండ ఉన్నది గదా!



పోయిన వారం మన డార్మెటరీలో ఒక వాదన నడిచింది. చైనా తరఫున ఆడే ఐలీన్ గూ గురించి. స్కీయింగ్‌లో ఫ్రీస్టైల్ అని ఒక రకం ఉన్నది. కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని మంచు వాలు మీద జారుకుంటూ వచ్చి, గాలిలోకి ఎగిరి, పల్టీలు కొట్టి, మళ్లీ పలకల మీదనే దిగాలె. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఆమె రెండు బంగారు పతకాలు, ఒక వెండి పతకం గెలిచింది. అప్పుడు ఆమెకు 18 ఏళ్లు. "వాళ్లు మంచులో పుట్టినోళ్లు, మనకెట్ల వస్తది" అని చాలామంది తేల్చేశారు. ఈ మాట నేను ఒప్పుకోను.

ఆమె పుట్టింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. అది సముద్రం ఒడ్డు ఊరు. స్కీయింగ్ చేసేటంత మంచు అక్కడ పడదు. వాళ్లమ్మ సెలవు రోజుల్లో గంటల తరబడి కారు నడిపి లేక్ తాహో కొండలకు తీసుకుపోయేది. మరి మన అమ్మానాన్నలు ఎట్ల తీసుకుపోతరు? పండుగకు వచ్చి మనల్ని ఊరికి తోలుకపోవడానికే బస్సు చార్జీలు చూసుకోవాలె. కాబట్టి మనకు ఆ పని హాస్టలే చేయాలె.

చేసిన హాస్టల్ ఉన్నది. మాలావత్ పూర్ణ అక్కది నిజామాబాద్ జిల్లా పాకాల. లంబాడా కుటుంబం, అమ్మానాన్న వ్యవసాయ కూలీలు. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. ఆమె కూడా మంచులో పుట్టలేదు. ఆమె మొదలుపెట్టింది భువనగిరి బండ మీద. గురుకులాల పిల్లల్ని కొందరిని అక్కడికి తీసుకుపోయి తాడు పట్టి ఎక్కడం, దిగడం నేర్పించారు. శేఖర్ బాబు గారు శిక్షణ ఇచ్చారు. బాగా చేసినోళ్లను డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థకు, ఆ తర్వాత చలి అలవాటు కావడానికి లడఖ్‌కు పంపారు. చివరికి మిగిలింది ఇద్దరే, పూర్ణ అక్క, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ అన్న. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణ అక్కకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు! ఎవరెస్ట్ ఎక్కిన ఆడపిల్లల్లో అందరికన్నా చిన్నది ఆమెనే. తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. 2022లో డెనాలీ కూడా ఎక్కి, ఏడు ఖండాల శిఖరాలు పూర్తి చేసింది.

అంత చిన్నపిల్లను అంత ప్రమాదంలోకి పంపవచ్చునా అని అప్పుడు అడిగినోళ్లు ఉన్నారు. నేపాల్ వైపు 16 ఏళ్లు నిండనిదే అనుమతి ఇయ్యరు, అందుకే వీళ్లు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఆ ఏడాదే ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు. నా మటుకు నాకు 13 ఏళ్లు ఎవరెస్ట్‌కు తక్కువే అనిపిస్తది. కానీ నేను అడిగేది ఎవరెస్ట్ కాదు, భువనగిరి బండ లాంటిది.

అది మన పక్కనే ఉన్నది. మణికొండ పేరులోనే కొండ ఉన్నది గదా! ఇక్కడి బండలు 250 కోట్ల ఏళ్ల నాటివి. చాలా వరకు అపార్ట్‌మెంట్ల కోసం పగలగొట్టారు. ఖాజాగూడ గుట్ట మాత్రం ఇంకా ఉన్నది. ఆదివారం పొద్దున కంపెనీల్లో పనిచేసే అక్కలు, అన్నలు తాళ్లు, హెల్మెట్లు తెచ్చుకుని అక్కడ బండలు ఎక్కుతుంటారు. తండాల్లో, గూడేల్లో పుట్టి గుట్టలెక్కి పెరిగిన మనం మాత్రం ఆదివారం బట్టలుతుక్కుని టీవీ ముందు కూర్చుంటం. ఇదేం న్యాయం?

వార్డెన్ మేడం గారి భయం నాకు తెలుసు. ఎవరికన్న దెబ్బ తగిలితే జవాబు చెప్పాల్సింది వారే. ఆ భయం తప్పని నేననను. బీజింగ్‌లో ఆఖరి దూకుడుకు ముందు ఐలీన్ గూ ఫోన్ చేస్తే, వాళ్లమ్మ కూడా తేలికది చేసి వెండి ఖాయం చేసుకొమ్మన్నదట. (అమ్మలంతా ఒకటే!) ఆమె నాలుగున్నర చుట్లు తిరిగే దూకుడు చేసి బంగారం తెచ్చుకున్నది. అయితే ఒక సంగతి. ఇట్లాంటి దూకుళ్లను ఆటగాళ్లు ముందు గాలి పరుపుల మీద నేర్చుకుని, తర్వాతనే మంచు మీద చేస్తరు. బండకు కూడా అట్లాంటి పద్ధతి ఉన్నది: నడుముకు హార్నెస్, తలకు హెల్మెట్, కింద తాడు పట్టుకునే తెలిసిన మనిషి. తాడు లేకుండ మామిడిచెట్టు ఎక్కే మన పిల్లలకు దానికన్నా ఇదే నయం.

అందుకని మేడం గారికి మనవి. నెలకు ఒక్క ఆదివారం చాలు. శిక్షణ పొందిన కోచ్ ఉంటేనే పోదాం, అమ్మానాన్న సంతకం పెట్టినోళ్లే పోదాం. ఎక్కాలని ఉన్నోళ్లు ఈ గోడపత్రిక కింద వేలాడదీసిన నోటుబుక్కులో పేరు, తరగతి రాయండి. ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చినయి, అన్నీ ఎనిమిది, తొమ్మిది తరగతులవే. పదో తరగతి అక్కలు పరీక్షలైనంక రాస్తమంటున్నారు.